తానే రాసి, తానే వరస కట్టి, తానే పాడితే
(రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ స్మారకోపన్యాస పాఠం, మదనపల్లె)

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి స్మృతికి అంకితమైన ఈ ప్రసంగాన్ని నాకు అప్పగించడం నా అర్హతకు మించిన గౌరవం. 1893లో అనంతపురం సీమలోని రాళ్లపల్లిలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు బోధించి, వేమన మీద ఈనాటికీ వన్నె తగ్గని ఉపన్యాసాలు చేసి, గాథాసప్తశతి సారాన్ని తెలుగులోకి తెచ్చి, ఆ తర్వాత తిరుపతిలో కూర్చుని అన్నమయ్య పదాలకు స్వరరచన చేసిన మహనీయుడాయన. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది. పద్యం ఎక్కడ బిగిసిందో, ఎక్కడ సడలిందో చెప్పగలిగిన మనిషే రాగం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తడబడిందో కూడా చెప్పగలగడం తెలుగునాట అరుదు. ఆయన తర్వాత మరీ అరుదైపోయింది.

ఆ అరుదైన గుణం ఇవాళ ఎవరికి అవసరం? పెద్ద నిర్మాతల అండ లేకుండా, సినిమాలో ఒక సందర్భం కోసం ఎదురుచూడకుండా, తమ మాటను తామే రాసుకుని, తామే వరస కట్టుకుని, తామే పాడి వదులుతున్న యువతీయువకులు మన చుట్టూ ఉన్నారు. పల్లెపాటను గిటారు మీదికి, సింథసైజరు మీదికి తెచ్చినవాళ్లు వాళ్లలో ఎక్కువమంది. వాళ్ల పాటలు వినేవాళ్లకు లోటు లేదు. విని, నిదానంగా ఆలోచించి, బాగోగులు రాసేవాళ్లు కరువు. ఎన్ని లక్షలమంది చూశారన్నది ఒక వార్త. వీడియోలో నటించినవారెవరన్నది మరో వార్త. పాట గురించి మాత్రం ‘మనసుకు హత్తుకుంది’ అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నాం. ఒక కథల సంపుటి వస్తే దానికి పీఠికలు, సమీక్షలు, వాదోపవాదాలు ఉంటాయి. పాటల సంపుటికి ఆ గౌరవం దక్కడం లేదు. ఇది ఇప్పటి పత్రికల అలక్ష్యంగా కనిపిస్తుంది కానీ, దీని వెనక కొన్ని శతాబ్దాల చరిత్ర ఉంది. పాటలోని భాగాలు ఒకదానినుంచి ఒకటి విడిపోయాయి. విమర్శకులు కూడా ఆ భాగాలను పంచుకుని విడిపోయారు. సాహిత్యజ్ఞులకు మాట, విద్వాంసులకు రాగం, వ్యాపారులకు గొంతు దక్కాయి. మొత్తం పాటకు దిక్కు లేకపోయింది. నేను ఈ సాయంత్రం నిలబెట్టదలచుకున్న మాట ఇదే.

పాత శాస్త్రం ఈ విషయంలో మనకంటే నిక్కచ్చిగా ఉండేది. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం పాటలోని మాటను మాతువనీ, స్వరరచనను ధాతువనీ అంది. రెండూ తానే సమర్థంగా చేయగలవాడు ఉత్తమ వాగ్గేయకారుడు. స్వరంలో గట్టివాడై మాటలో బలహీనుడైతే మధ్యముడు. మాటలో ఘనుడైనా స్వరరచన చాలకపోతే అధముడి కిందికే వచ్చాడు. సాహితీపరులకు ఈ క్రమం కొంచెం చేదుగానే ఉంటుంది. ఇతరులు కట్టిన ధాతువులో మాటలు పొదిగేవాడికి ఆ గ్రంథం కుట్టికారుడని వేరే పేరు పెట్టింది. ఆ లెక్కన ముందు బాణీ, తర్వాత మాట అన్న పద్ధతిలో నడిచిన మన సినిమా సాహిత్యంలో అధికభాగం కుట్టికార రచన. అందులో గొప్ప కవిత్వం లేదని నేననడం లేదు, ఉంది. అయితే దాన్ని తూచే రాళ్లతో స్వతంత్ర వాగ్గేయకారుణ్ణి తూచకూడదు. ఉత్తముడికి శార్ఙ్గదేవుడు పెట్టిన నియమాల్లో మనోహరమైన శారీరం, ఇతరుల ఎంగిలి మాటలు వాడకపోవడం, కొత్త ధాతువును నిర్మించడం, రాగద్వేషాలు విడిచిపెట్టడం కూడా ఉన్నాయి. ఇప్పటి ఆల్బం సమీక్షకు ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం నాకు కనబడలేదు.

ఈ కొలతను చేతబట్టుకుని అన్నమయ్య దగ్గరికి వెళితే చిత్రమైన సంగతి ఎదురవుతుంది. తాళ్లపాక ఇక్కడికి ఎంతో దూరం కాదు. 1408 నుంచి 1503 దాకా జీవించాడని చెప్పే ఆ మహాకవి ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడని సంప్రదాయం. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సుమారు పద్నాలుగు వేలు మిగిలాయి. రేకు మీద పాట ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. మాతువు మిగిలి ధాతువు పోయింది. కొన్ని వందల ఏళ్ల మౌనం తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో శర్మగారి వంటివారు వందకు పైగా పదాలకు కొత్తగా స్వరాలు కట్టారు. నేదునూరి కృష్ణమూర్తిగారు మరికొన్ని కట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి ‘బాలాజీ పంచరత్నమాల’ వంటి రికార్డుల ద్వారా అవి ఇంటింటా వినబడ్డాయి. అంటే మనం ‘అన్నమయ్య పాట’ అని వింటున్నది ఇద్దరి రచన. దీంట్లో లోపం ఏమీ లేదు. కానీ ఆ రికార్డులను మెచ్చుకుంటూ రాసినవాళ్లలో ఎంతమంది ఆ రెండో కర్తను పరీక్షించారు? ఈ పదానికి ఈ రాగం ఎందుకు, ఇక్కడ మాట విరిగిందా, శృంగారం భక్తి అయిపోయిందా అని ఎవరు అడిగారు? అన్నమయ్య భక్తిలో మునిగి, స్వరకర్తను విమర్శించే బాధ్యత తప్పించుకున్నాం. తరిగొండ వెంగమాంబ పాటల విషయంలోనూ మన తీరు ఇదే. పద్దెనిమిదో శతాబ్దంలో పుట్టి, వైధవ్యం విధించిన ఆంక్షలను ధిక్కరించి, తిరుమల చేరి ద్విపదలూ యక్షగానాలూ పాటలూ రచించిన ఆ తల్లి మన పక్క ఊరి మనిషి. ఆమె చరిత్రను కథగా చెప్పుకోవడంలో ఉన్న ఉత్సాహం ఆమె పాటల నిర్మాణం మీద లేదు.

ఇక మన ఊరి సంగతి. 1919 ఫిబ్రవరి నెలాఖరులో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విశ్రాంతికి బస చేశాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదివి పట్టం పుచ్చుకున్న మనిషి. విద్యార్థుల సాయంకాల సమావేశంలో టాగూర్ తన ‘జనగణమన’ పాడాడు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో మొదటిసారి వినబడిన పాట అది. పిల్లలు వంత పట్టుకున్నారు. తర్వాతి రోజుల్లో మార్గరెట్ కజిన్స్ ఆ వరసను కవి దగ్గర సరిచూసుకుంటూ పాశ్చాత్య స్వరలిపిలో రాసుకుంది. ఫిబ్రవరి 28న టాగూర్ దానికి ఇంగ్లీషు అనువాదం చేసి, భారతదేశపు ఉదయగీతమని పేరు పెట్టాడు. ఈ ఘటనను మనం జాతీయగీతం కథగా చెప్పుకుంటాం, గర్వపడతాం. నేను ఇక్కడ ఇంకొకటి చూస్తున్నాను. తానే రాసి, తానే కట్టి, తానే పాడే కవి ముందు, మాట తెలియకపోయినా స్వరం తెలిసిన ఒక శ్రోత కాగితం కలం పట్టుకుని కూర్చుంది. ప్రతి స్వరం కర్తను అడిగి రూఢి చేసుకుంది. పొగడ్త కంటే ముందు శ్రద్ధ పెట్టింది. సమీక్షకుడి పనిలో మొదటి సగం అదే. అది మన ఊళ్లో జరిగింది.

రెండో సగం విన్నదాని మూలాన్ని విచారించడం, దానికి కూడా ఆ టాగూరే ఉదాహరణ. 1905లో ఆయన రాసిన ‘అమార్ సోనార్ బాంగ్లా’ వరస బెంగాలులోని షిలైదహలో ఉత్తరాలు పంచే గగన్ హర్కరా అనే బావుల్ గాయకుడి పాట నుంచి వచ్చింది. ఆ పాట ఇప్పుడు బంగ్లాదేశ్ జాతీయగీతం. ఆయన యౌవనంలో కట్టిన ‘ఫూలే ఫూలే ఢోలే ఢోలే’కి స్కాట్లండు జానపద వరస మూలం. శార్ఙ్గదేవుడి నియమానికి ఇది విరుద్ధం కాదా? నిక్కచ్చిగా చూస్తే విరుద్ధమే. కానీ అప్పును ఎలా వాడాడన్నది అసలు విచారణ. బావుల్ పాటలకు తానెంత రుణపడ్డాడో టాగూర్ దాచుకోలేదు. వరసను తెచ్చి దాని నడకలోనే కొత్త భావాన్ని నిలబెట్టాడు. జానపదాన్ని ఆధునికం చేసే ప్రతి గాయకుణ్ణీ సమీక్షకుడు అడగవలసిన ప్రశ్నలు రెండు: ఎవరి దగ్గర తీసుకున్నావు? తీసుకున్నదానికి ఏం చేర్చావు? 2021లో ‘సారంగదరియా’ ఒక సినిమాలోకి వచ్చినప్పుడు, దాన్ని పల్లెల్లో సేకరించి పాడినవారికి దక్కవలసిన గుర్తింపు మీద తెలుగునాట పెద్ద చర్చే నడిచింది. అది మీడియా తగాదాగా మొదలై మీడియా తగాదాగానే ముగిసింది. విమర్శకులు రంగంలో ఉండి ఉంటే, వరసలో పాతది ఎంత, మాటలో కొత్తది ఎంత, వాద్యగోష్ఠి ఎవరిది అని వివరంగా విడదీసి చెప్పి ఉండేవారు. జానపదం అన్న ఒక్క మాట కర్త పేరు వేయవలసిన చోట ముద్రపడితే, ఆ మాట వెనక ఉన్న ముసలమ్మ ఎవరో మనం వెతకం.

రికార్డు యుగం పాటను మరో విధంగా మార్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లెంలో ఒక్కో పక్క మూడు, మూడున్నర నిమిషాలకు మించి చోటు లేదు. పల్లవి, రెండు మూడు చరణాలు అన్న కొలత మన చెవికి అలవాటు కావడంలో ఆ పళ్లేనికి గట్టి పాత్ర ఉంది. ఆ చిన్న చోటులోనే సినిమా బయటి పాట బతికింది. తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి 1942 నాటి ‘దీనబంధు’ చిత్రం కోసం రాసిన ‘మా తెలుగు తల్లికి’ ఆ చిత్రంలో చోటు దక్కించుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోను రికార్డుగా వచ్చి, చివరికి రాష్ట్రగీతం అయింది. సినిమా తిరస్కరించిన పాట జాతి పాట కావడం మన చరిత్రలో చిన్న విషయం కాదు. ఆనాటి ప్రైవేటు రికార్డుల మీద గంభీరమైన విమర్శ గ్రంథం ఇప్పటికీ నా కంటపడలేదు.

రేడియో వచ్చాక బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఆ ఖాళీలోకి నడిచి వచ్చారు. ఆయన రాశారు, వరస కట్టారు, పాడారు, పాడించారు. స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు రేడియో వినిపించిన ‘మాదీ స్వతంత్ర దేశం’ ఆయన రచనే. ‘స్వర్గసీమ’లో భానుమతిగారు పాడిన ‘ఓహో పావురమా’ కూడా ఆయన చేతి చలవే; ఆ పాటకు హాలీవుడ్ చిత్రం ‘బ్లడ్ అండ్ శాండ్’లోని ఒక పాట ప్రేరణ అని అందరికీ తెలుసు, ఆయనా దాచలేదు. నా దృష్టిలో ఆయన చేసిన అతిపెద్ద పని ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’. 1961లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మాటనూ వరసనూ ఒకే గ్రంథంలో కూర్చి చరిత్ర రాయవచ్చునని ఆయన నిరూపించారు. సరిగ్గా అరవై ఏళ్ల తర్వాత, 2021 సంవత్సరానికి, పాటలు రాసి పాడే గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’తో అదే పురస్కారం అందుకున్నాడు. 2016లో బాబ్ డిలన్‌కు నోబెల్ వచ్చినప్పుడు ప్రపంచంలో రేగిన ప్రశ్నే మన దగ్గరా రేగింది: పాట సాహిత్యమా? నాకు ఆ ప్రశ్న మీద ఆసక్తి లేదు. వెంకన్న పుస్తకాన్ని చదివి సమీక్షించినవారిలో అతని గొంతు గురించి ఎంతమంది రాశారన్నదే నా ప్రశ్న. అతను ఒక పదాన్ని ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ వదిలేసి నవ్వుతాడో అచ్చులో కనబడదు. అది వదిలేస్తే అతని కవిత్వంలో సగం వదిలేసినట్టే.

ఉద్యమ పాటల విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. జననాట్యమండలి వేదికల మీద గద్దర్, ఉత్తరాంధ్రలో వంగపండు ప్రసాదరావు లక్షలమందిని కదిలించారు. ఆ పాటల రాజకీయం మీద పుస్తకాలు వచ్చాయి, సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. గద్దర్ మాట ఆపి డప్పును మాట్లాడించే క్షణం గురించి, గుంపు వంత అందుకోవడానికి అతను వదిలే జాగా గురించి రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ జాగాలోనే అతని రచన ఉంది. క్యాసెట్టులో ఆ జాగాను స్టూడియో వంతగాళ్లు నింపారు. సభలో విన్న పాటకూ, క్యాసెట్టులో విన్న పాటకూ ఉన్న తేడా ఒక్కటే చాలు, మంచి విమర్శ వ్యాసానికి.

ఇప్పటి పాటల దగ్గరికి వస్తాను. హైదరాబాదులో చౌరస్తా బృందం ‘ఊరెళ్లిపోతా మామా’ వంటి పాటలతో సినిమాకు బయటే పేరు తెచ్చుకుంది. పట్నంలో పొట్టపోసుకునేవాడి ఊరిబెంగ తెలుగు పాటకు పాత వస్తువే. దానికి ఇవాళ్టి కుర్రవాడి నిర్లక్ష్యపు నడక తోడుకావడం కొత్త. ఆ బృందం నుంచి వచ్చిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రంలో పాడిన ‘చిట్టి’తో ఇంటింటికీ తెలిశాడు. స్వతంత్ర సంగీతం సినిమాకు నిచ్చెనమెట్టు అయిపోతోందని నొచ్చుకునేవారున్నారు. నేను నొచ్చుకోను. కానీ మెట్టు ఎక్కాక గొంతు ఏమైందన్నది విచారించాలి. ‘చిట్టి’లో అతను మరొకరి బాణీకి గొంతునిచ్చాడు. తన పాటలో తన బాణీకి తానే జవాబుదారు. ఈ రెండూ ఒకే ప్రమాణంతో కొలవదగినవి కావు.

మన సీమకు దగ్గరి ఉదాహరణ పెంచల్ దాస్. 2018లో ‘కృష్ణార్జున యుద్ధం’ చిత్రానికి ‘దారి చూడు’ను తానే రాసి తానే పాడాడు. కథ చిత్తూరు పల్లెలది. అంతవరకు తెరమీద పరిహాసానికో, పగల కథలకో వాడిన ఈ ప్రాంతపు మాట అక్కడ పాటకు వెన్నెముక అయింది. గొంతులో శిక్షణ నునుపు లేదు. ఆ గరుకుదనమే పాటకు అందం. సంగీతం సమకూర్చిన హిప్‌హాప్ తమిళ ద్వయం కూడా స్వతంత్ర సంగీతం నుంచే వచ్చింది. 2012లో ‘హిప్ హాప్ తమిళన్’ ఆల్బంతో వాళ్లు పేరు తెచ్చుకున్నారు. కడప గడ్డ గొంతు, తమిళ కుర్రాళ్ల దరువు, చిత్తూరు కథ: కుప్పంలో మూడు భాషల మధ్య పెరిగినవారికి ఈ కలయిక వింతగా తోచదు. హైదరాబాదులో కూర్చుని రాసిన సమీక్షలు ఆ పాటను ‘మాస్ పాట’ అనేసి ఊరుకున్నాయి. మాట ఏ ఊరిదో తెలియనివాడికి పాట ఏ ఊరిదో ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక సూక్ష్మ విషయం చెప్పాలి. చెక్కభజన చూసినవారు ఈ సభలో అనేకులున్నారు. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నడుమ గురువు. గురువు ఒక పాదం అందిస్తాడు. చుట్టూ ఉన్నవారు దాన్ని ఎత్తుకుంటారు. అడుగు నెమ్మదిగా మొదలవుతుంది. రెండు మూడు ఆవృత్తాలకు కొంచెం బిగుస్తుంది. గురువు కంటితోనో గజ్జెతోనో సైగ చేస్తే మరికొంచెం. చివరకు మాట వినబడదు, చెక్కల మోత, అడుగుల మోత మాత్రమే మిగులుతాయి, ఒక్కసారిగా ఆగుతుంది. ఆ పెరుగుదలే ఆ పాట అర్థం. ఇదే పాటను స్టూడియోలో రికార్డు చేసేటప్పుడు చెవిలో క్లిక్ ట్రాక్ పెడతారు. నిమిషానికి ఇన్ని దరువులని ముందే నిర్ణయమైపోతుంది. మొదటి పాదం ఏ వేగంలో ఉందో చివరి పాదమూ అదే వేగంలో ఉంటుంది. వేగం పెరగదు కాబట్టి వాద్యాలను ఒక్కొక్కటిగా పేర్చి, శబ్దాన్ని పెంచి, పెరుగుదల భ్రమ కల్పిస్తారు. కొందరు దాన్ని నేర్పుగా చేస్తారు. ఎక్కువమంది చేతిలో అది రొద. పల్లెపాటకు ఆధునిక వేషం వేసిన ఆల్బం చేతికొస్తే నేను మొదట వినేది ఇదే: కాలప్రమాణాన్ని ఏం చేశారు? క్లిక్ లేకుండా గాయకుడూ డప్పు కళాకారుడూ ఎదురెదురుగా కూర్చుని రికార్డు చేసిన పాటలో చిన్న తడబాట్లుంటాయి. వాటిని సరిదిద్దకుండా వదిలినవారికి నేను ఎక్కువ మార్కులిస్తాను. ఇది నా పక్షపాతమే, దాచను.

పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనూ, కుప్పం తిరుపతి గంగమ్మ జాతరలోనూ పలకల మోత మధ్య వినబడే గొంతు సభలో వినిపించడానికి తయారైన గొంతు కాదు. గుంపును దాటి, రాత్రిని దాటి వినబడాలి. మైకు దగ్గరగా నోరు పెట్టి గుసగుసగా పాడడం గత ముప్పై ఏళ్లుగా ప్రపంచమంతటా స్వతంత్ర గాయకుల ముద్ర అయింది. గిటారు మీద ఒంటరిగా పాడుకునే పాటకు అది సరిపోతుంది. జాతర పాటను కూడా ఆ గుసగుసలో పాడితే, పాట దేవర ముందు నుంచి పడకగదిలోకి వచ్చి కూర్చుంటుంది. అది తప్పు అని తీర్పు చెప్పను. ఆ మార్పుకు కళాకారుడి దగ్గర కారణం ఉందా లేదా అని పాటలోనే వెతకాలి. కారణం ఉన్న చోట పాట కొత్తదవుతుంది. లేని చోట ఫ్యాషన్ మాత్రమే.

ఇలా కారణాలు వెతికే విమర్శ మన సీమకు కొత్త కాదు. చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వవిచారము’తో ఆధునిక తెలుగు విమర్శకు పునాది వేశారు. యువకుడైన శర్మగారికి మైసూరులో చోటు చూపిందీ ఆయనే. మైసూరులోనే, 1920లలో, మదనపల్లె కళాశాలలో పనిచేసిన ఆ జేమ్స్ కజిన్సే ఇంగ్లీషులో కవిత్వం రాస్తున్న ఒక కుర్రవాణ్ణి కన్నడంలో రాయమని ప్రోత్సహించాడు. ఆ కుర్రవాడు కువెంపు. విమర్శకుడు ఒక్క మాటతో కవి దారి మార్చగలడని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. ఇంగ్లీషు రాక్ పాటలతో మొదలుపెట్టి తెలుగుకు తిరిగివచ్చిన మన యువబృందాలకు అటువంటి మాట చెప్పినవారు తక్కువ. వాళ్లే తడుముకుంటూ వచ్చారు.

అందువల్ల పత్రికా సంపాదకులకూ, ఈ సభలోని తెలుగు, సంగీత అధ్యాపకులకూ నా అభ్యర్థన ఇది. ఆల్బం సమీక్షకు కథాసంపుటి సమీక్షకు ఇచ్చినంత చోటివ్వండి. పాట ఎవరు రాశారో, వరస ఎవరు కట్టారో, మూలం ఏ ఊరి పాటో, డప్పు కొట్టిందెవరో, రికార్డు చేసిందెవరో ముందు అచ్చు వేయండి. 2012లో కాపీరైటు చట్టానికి వచ్చిన సవరణ గీతరచయితకూ స్వరకర్తకూ రాయల్టీ హక్కు గట్టిపరచింది, కానీ పేరే అచ్చుకాని పల్లెగాయకుడి చేతికి ఆ హక్కు అందడం కష్టం. ఆ తర్వాత మాట గురించి రాయండి, వెంటనే గొంతు గురించి రాయండి, ఒకటి రెండోదాన్ని ఎక్కడ మోసిందో, ఎక్కడ కింద పడేసిందో చూపండి. ముప్పై సెకన్ల రీలు కోసం పల్లవిని మాత్రమే చెక్కి చరణాలను గాలికి వదిలిన పాటను మొహమాటం లేకుండా అలా వదిలారని చెప్పండి. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది నాలుగు రాష్ట్రాల భాషా సంస్కృతుల అధ్యయనానికి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడే ఈ సరిహద్దులో పుట్టే పాటల సంపుటాలకు తొలి సమీక్షలు ఆ తరగతి గదుల నుంచి, మదనపల్లె, పుంగనూరు కళాశాలల నుంచి రావాలి. రాసే విద్యార్థి జాతరకు వెళ్లి వినివచ్చినవాడై ఉండాలి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పాటను మళ్లీ విన్నవాడై ఉండాలి. శర్మగారు అన్నమయ్య రాగిరేకు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మాట మాత్రమే చేతిలో ఉంది, స్వరాన్ని వెతికారు. ఇవాళ్టి సమీక్షకుడికి మాట, స్వరం, గొంతు, మూడూ చేతిలోనే ఉన్నాయి.